ఆగమ్మ దాచిన గొంతు

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది. ఆమె కంప్యూటర్లు చూసుకునే లైబ్రరీలో మాత్రం అందరికీ ఆగమ్మే. ఎవరి కంప్యూటర్ తెర మీదైనా "కొత్త సిస్టమ్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే మార్చమంటారా?" అన్న నీలం పెట్టె కనిపించి, వాళ్ల చెయ్యి మౌసు మీదికి వెళ్లిందంటే చాలు, ఏ మూల నుంచో "ఆగండి, ఆగండి!" అని కేక వినిపించేది. వెనకే చెప్పుల చప్పుడు, ఆ వెనక ఆమె. మొదట్లో జనం చాటుగా నవ్వుకునేవాళ్లు. ఒకరోజు ఆ పేరు ఆమె చెవిన పడింది. "పేరు పెట్టడానికి పదిమంది ఉన్నారు గానీ, ఆగమంటే ఆగేవాళ్లు ఒక్కరూ లేరే!" అని ఆమే నవ్వేసింది. దాంతో పేరు ఖాయమైపోయింది.

మెట్ల కింద ఉన్న గది ఆమెది. నిటారుగా నిలబడితే తల తగిలే చోట ఇనుప బీరువా, దాని పక్కన ఒక బల్ల, ఒక స్టూలు. బీరువాలో మెత్తటి గుడ్డలు చుట్టిన హార్డ్ డిస్కులు వరసగా ఉంటాయి. ప్రతిదాని మీదా ఒక చీటీ: ఏ గదిలోని కంప్యూటరో, ఏ తేదీనో, చివర్లో ఆమె చేతిరాతతో "తెరిచి చూశాను" అనో, "ఇంకా చూడలేదు" అనో. ఇంకా చూడని డిస్కును ఆమె లెక్కలోకే తీసుకోదు. "వస్తుందనుకున్నది వేరు, వచ్చినది వేరు" అంటుంది.

ఈ జాగ్రత్త ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. చేతులు కాలాక నేర్చుకున్నది.

ఇరవై ఆరేళ్ల వయసులో, కంప్యూటర్ కోర్సు అప్పుడే పూర్తిచేసి, లోకంలో తనకు తెలియని మీటే లేదనుకునే రోజుల్లో జరిగింది. అక్క మొగుడు చెప్పులు కుట్టేవాడు. మామూలు చెప్పులు కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు, వేళ్లు వంకర తిరిగినవాళ్లకు, దెబ్బతిని పాదం సగమే మిగిలినవాళ్లకు. ఒక్కో పాదాన్నీ ఇరవై రెండు చోట్ల కొలిచి కంప్యూటర్‌లో వేస్తే, ఏ తోలు ఎక్కడ ఎంత మందంలో కొయ్యాలో ఒక ప్రోగ్రాం గీసి చూపించేది. ఆ కంప్యూటర్ ముసలిదైపోయి మూలుగుతోందని మరదలైన ఈమే పూనుకుని, దాన్ని లోపలి నుంచి నడిపించే సిస్టమ్ కొత్తది వేసింది.

"ఫైళ్లన్నీ ముందే కాపీ తీశాను బావా. నువ్వు నిశ్చింతగా ఉండు" అంది.

నిజంగానే తీసింది. ఉత్తరాలు తీసింది, ఫోటోలు తీసింది, కంటికి కనిపించిన ప్రతి ఫోల్డరూ తీసింది. ఆ ప్రోగ్రాం మాత్రం పాదాల కొలతలన్నీ తన కడుపులో, ఎవరూ వెతకని చోట దాచుకుందని ఆమెకు తెలియదు. పాతదాన్ని తుడిచి కొత్తది వేసేసరికి ఆరేళ్ల కొలతలు తుడిచిపెట్టుకు పోయాయి. మూడు రోజులు అన్నం నీళ్లు మాని వెతికింది. దొరకలేదు.

బావ కేకలేస్తే ఏడ్చి ఊరుకునేది. ఆయన కేకలెయ్యలేదు. గోడకున్న కొలత టేపు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పాదాలెక్కడికీ పోలేదు కదే పిల్లా. మళ్లీ కొలుద్దాం."

పదకొండు నెలల పాటు ప్రతి ఆదివారం ఆమె ఆ దుకాణం నేల మీద మోకాళ్ల మీద కూర్చుని పాదాలు కొలిచింది. "మొన్ననే కొలిచారు కదమ్మా?" అని అడిగిన ప్రతివాళ్లకూ "నావల్లే పోయాయండీ" అని చెప్పింది. బావ పక్కనుంచి, "అబద్ధం, కొలతలు నేనే మింగేశా" అని తేలిగ్గా తీసేసేవాడు. కానీ ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. మూడేళ్ల వయసు నుంచీ ఆ పిల్లకు ఇక్కడే చెప్పులు. "పాదం ఏమైనా తిన్నగా అవుతోందేమో, పాత కొలతలతో పోల్చి చెప్పండి" అని అడిగింది. ఆ ప్రశ్నకు బావ దగ్గర కూడా హాస్యం లేకపోయింది. పిల్ల పాదం ఆమె అరచేతిలో ఉంది, వెచ్చగా. నిరుడు అది ఎలా ఉందో చెప్పగలిగిన ఒకే ఒక్క చోటును తాను తుడిచేసింది.

ఆ తర్వాతే ఆమె ఇమేజ్ తియ్యడం నేర్చుకుంది. ఫైళ్లు కాపీ చెయ్యడమంటే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కళ్లబడ్డ సామాను మూటగట్టుకోవడం లాంటిది. అటక మీద ఏముందో, గూట్లో ఏముందో మర్చిపోతాం. ఇమేజ్ అంటే ఆ ఇంటిని గోడలతో, తలుపులతో, ఎక్కడి గరిటె అక్కడే ఉండగా అచ్చు తీసి పెట్టడం. కొత్త ఇల్లు పడకపోతే పాత ఇంటిని అదే చోట మళ్లీ నిలబెట్టొచ్చు, పొయ్యి మీది గిన్నెతో సహా. అడిగినవాళ్లకు ఆమె ఇలాగే చెప్పేది. అడగనివాళ్లకు కూడా చెప్పేది.

లైబ్రరీలో చేరిన పందొమ్మిదో ఏట పైనుంచి ఒక కాగితం వచ్చింది. పాత సిస్టమ్‌కు ఇకమీదట భద్రతా మరమ్మతులు రావు కాబట్టి, నెలాఖరులోగా కంప్యూటర్లన్నిటినీ కొత్త సిస్టమ్‌లోకి మార్చాలని. నలభై మూడు కంప్యూటర్లు. ఆగమ్మ ఒక్కొక్కటిగా ఇమేజ్ తీసి, తెరిచి చూసి, మార్చుకుంటూ వచ్చింది. చివరికి కింది వరండా కొసన ఉన్న బ్రెయిలీ గది మిగిలింది.

ఆ గది మాస్టారిది. ఏడో ఏట చూపు పోయింది. ఇప్పుడు యాభై ఏడు. బడి పిల్లల పాఠాలు, కథల పుస్తకాలు ఎవరో టైపు చేసి పంపితే, ఆయన విని, తప్పులు దిద్ది, పక్కనున్న యంత్రానికి ఇస్తారు. అది దడదడమంటూ దళసరి కాగితం మీద చుక్కలు పొడుస్తుంది. చూపులేని పిల్లలు ఆ చుక్కలను వేళ్లతో చదువుకుంటారు. ఆయన చెవిలో చదివి పెట్టేది పద్నాలుగేళ్ల కిందటి ఒక ప్రోగ్రాం. దాని గొంతు అచ్చం రేకు డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టుంటుంది. మాస్టారు దాన్ని "డబ్బా పిన్ని" అనేవారు. మొదట్లో పిన్నికి "డా." అన్న మాట కనిపిస్తే "డా" అని ఆగిపోయేది, "జ్ఞానం" దగ్గర గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గేది. మాస్టారు ఒక్కో మాటా ఎలా పలకాలో నేర్పుకుంటూ వచ్చారు. అలా నాలుగు వేల పైచిలుకు మాటలు. అవన్నీ పిన్ని కడుపులోనే ఉన్నాయి. మామూలు మనిషికి ఒక్క ముక్క కూడా అర్థం కానంత వేగంగా ఆమె గడగడా చదువుతుంటే, మాస్టారు ఒక చేత్తో టీ తాగుతూ, రెండో చేత్తో తప్పులు దిద్దేవారు.

సంగతి విని ఆయన ఒక్కటే అడిగారు.

"పిన్ని కూడా కొత్తింటికి వస్తుందా అమ్మా?"

"చెప్పలేను మాస్టారూ. ఆ ప్రోగ్రాం చేసిన కంపెనీని ఎప్పుడో మూసేశారు. రాకపోవచ్చు. కానీ ముందు ఆవిణ్ని భద్రంగా దాస్తాను. దాచింది మళ్లీ వస్తుందో లేదో కూడా చూస్తాను. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోను."

"నువ్వు ఆగమ్మవి. నాకు తెలుసులే" అన్నారాయన.

మంగళవారం పొద్దున్నే వచ్చి ఆ పని మొదలుపెట్టింది. ఇమేజ్ ఒక డిస్కులోకి తీసి, అదే రెండో డిస్కులోకి కూడా తీసింది. కంప్యూటర్ అసలు లేవకపోయినా దాన్ని లేపడానికి ఒక పెన్ డ్రైవ్ తయారుచేసి, దానితో లేపి చూసింది. ఇంకా నమ్మకం కుదరక, ఆ ఇమేజ్‌ను ఒక ఖాళీ డిస్కు మీదికి దించి, ఆ డిస్కును కంప్యూటర్‌కు బిగించి మీట నొక్కింది. పిన్ని లేచి, "స్వాగతం" అని రేకు గొంతుతో పలికింది. మాస్టారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆగమ్మ చీటీ మీద "తెరిచి చూశాను" అని రాసి, దాని కింద గీత కూడా గీసింది. ఆ తర్వాతే కొత్త సిస్టమ్ వేసింది.

అనుకున్నట్టే పిన్ని కొత్తింటికి రాలేదు. ఎంత పిలిచినా పలకలేదు. ఆవిడ స్థానంలో కొత్త గొంతు వచ్చింది. మెత్తగా, తియ్యగా, ఎక్కడ ఊపిరి పీల్చాలో తెలిసినట్టు చదివింది. "డా." కనబడితే ఎవరూ నేర్పకుండానే "డాక్టర్" అంది.

"బాగుందమ్మా" అన్నారు మాస్టారు. "చదువుకున్న ఇంటి పిల్లలా ఉంది."

"పిన్నిని వెనక్కి తెమ్మంటారా? ఒక్క మాట చెప్పండి, తెచ్చేస్తాను."

"వద్దొద్దు. అందరూ మారారు, నేనొక్కణ్ణీ మొండికేస్తే ఏం బాగుంటుంది? కొత్త చెప్పు మొదట కరవదా ఏంటి? అలవాటవుతుంది."

ఆమె ఆ మాట నమ్మి వెళ్లింది. బుధవారం ఆయన గది ముందు నుంచి పోతూ ఆగి వింది. కొత్త గొంతు నెమ్మదిగా చదువుతోంది. గురువారం కూడా వింది. చదివిన పేరానే మళ్లీ చదువుతోంది, మళ్లీ చదువుతోంది. బల్ల మీద టీ చల్లారి మీగడ కట్టింది. "ఎలా ఉంది మాస్టారూ?" అంటే, "అంతా బాగుంది" అన్నారు, మొహం అటు తిప్పుకుని.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె లోపలికి వెళ్లేసరికి చుక్కల యంత్రం ఆగి ఉంది. మాస్టారి ఒళ్లో అప్పుడే అచ్చయిన కాగితాలున్నాయి. ఆయన వేలు ఒకే వరస మీద ముందుకీ వెనక్కీ పోతోంది.

"ఏమైంది మాస్టారూ?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే యంత్రం ఎందుకు ఆపారు?"

ఆయన కాగితం ఆమె వైపు చాపారు, ఆమెకు బ్రెయిలీ రాదని మర్చిపోయి.

"ఇదిగో, ఇక్కడ. 'ఊపిరితితుత్తులు' అని ఉంది. ఒక 'తు' ఎక్కువ పడింది. పైన 'రక్తం' బదులు 'రక్తతం'. ఈ ఒక్క పేజీలోనే పదకొండు. అన్నీ నేను విని, సరే అనుకుని పంపినవే. ఒకటి కాదు, రెండు కాదు, ఒకటికి మూడుసార్లు విన్నానమ్మా. నా చెవికి ఒక్కటీ తగల్లేదు." ఆయన గొంతు తగ్గించారు. "నాకు చెవుడు వస్తోంది. ఇంట్లో కూడా చెప్పలేదు. కళ్లు పోయినప్పుడు చిన్నవాణ్ణి, ఏదో ఈడ్చుకొచ్చాను. ఈ వయసులో చెవులు కూడా పోతే నేనింకెందుకు పనికొస్తాను?"

ఆగమ్మ ఆ కాగితం అందుకుని బల్ల మీద పెట్టింది. మూడు రోజుల పాటు ఈ మనిషి ఇంత బరువు ఒక్కడే మోస్తూ, అడిగినప్పుడల్లా బాగుందన్నాడు. ఆమె స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. నేనిప్పుడు గట్టిగా మాట్లాడుతున్నానా, మామూలుగానేనా అని అడిగింది. మామూలుగానే అన్నారు. గుమ్మం దగ్గరికి వెళ్లి గొణిగినట్టు ఏదో అంది. "పాపం మాస్టారు అన్నావు. పాపం గీపం ఏం వద్దు" అన్నారాయన చిరాగ్గా. వరండా చివర ఎవరో తాళం చెవులు కింద పడేసుకుంటే, "గుమాస్తాగారే, రోజూ పడేస్తాడు" అన్నారు.

చెవులు ఇలా ఉంటే ఆ తప్పులు ఎలా జారిపోయాయి? ఆమె కీబోర్డు దగ్గరికి జరిగి, కావాలని "ఊపిరితితుత్తులు" అని టైపు చేసి, కొత్త గొంతుతో చదివించింది. "ఊపిరితిత్తులు" అంది ఆ గొంతు, ఎంతో హాయిగా. "రక్తతం" అని కొట్టింది. "రక్తం" అని వినిపించింది. "పుసత్కం" కొట్టింది. "పుస్తకం."

ఆగమ్మ బల్ల మీద ఒక్క చరుపు చరిచింది.

"మాస్టారూ! మీ చెవులు బంగారం. దోషం ఈ పిల్లది."

"ఏం చేసింది?"

"మర్యాద ఎక్కువైంది. నేను తప్పు కొడుతున్నాను, అది దిద్దుకుని ఒప్పుగా చదువుతోంది. మామూలువాళ్లకి అది సుఖమే. తప్పులు పట్టేవాళ్లకి కొంప ముంచుతుంది. మీ చెవికి తప్పు అందనిస్తే కదా మీరు పట్టడానికి!"

మాస్టారు తానే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నాలుగైదు తప్పుడు మాటలు కొట్టి విన్నారు. ప్రతిదీ ఒప్పుగానే పలికింది. ఆయన చేతులు బల్ల అంచును పట్టుకున్నాయి. "అయితే నాకేం కాలేదన్నమాట" అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు. ఆగమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయనకు కనబడదు కదా అనుకుంది గానీ, "ముక్కు చీదకు, పని చూడు" అన్నారాయన.

పని వెంటనే మొదలుపెట్టలేదు. "ఆగండి" అంది అలవాటు ప్రకారం. "ఇమేజ్ వేస్తే ఈ కంప్యూటర్ మంగళవారానికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మీరు చేసిన పనేదీ దానికి గుర్తుండదు. ముందు ఈ మూడు రోజుల పాఠాలూ పక్కకు తీసుకోనివ్వండి."

"తప్పుల తడకే కదమ్మా, పోనీ."

"తప్పులైనా మీ కష్టం. పోనివ్వను."

అవి పెన్ డ్రైవ్‌లోకి తీసి, తీసినవి తెరుచుకుంటున్నాయో లేదో చూసి, అప్పుడు బీరువాలోంచి డిస్కు తెచ్చింది. కంప్యూటర్ లేచి, ఇమేజ్ ఎక్కడుందో చెప్పమంది. చూస్తే జాబితా ఖాళీ. తెరిచి చూసినదేగా, ఎక్కడికి పోతుంది అని తనకు తాను చెప్పుకుని, డిస్కు తీగను కంప్యూటర్ ముందువైపు నుంచి తీసి వెనకవైపు గుచ్చింది. డిస్కు కనిపించింది. మంగళవారం తేదీ కనిపించింది. తెర మీద ఆకుపచ్చ గీత చీమలా కదలడం మొదలుపెట్టింది.

గంటా నలభై నిమిషాలు పట్టింది. కిటికీలోంచి ఎండ బల్ల మీద నుంచి గోడ మీదికి పాకింది. మాస్టారు చేతులు ఒళ్లో పెట్టుకుని, పురిటి గది బయట కూర్చున్నవాడిలా కూర్చున్నారు. ఒకసారి మాత్రం, "మనుషుల్ని కూడా ఇలా మంగళవారానికి తెచ్చే వీలుంటే ఎంత బాగుండును" అన్నారు. "ఏ మంగళవారానికండీ?" అని ఆమె అడిగింది. ఆయన నవ్వేశారు.

కంప్యూటర్ ఆగి, మళ్లీ లేచింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత రేకు డబ్బాలోంచి, "స్వాగతం."

మాస్టారు కీబోర్డు ముందుకు లాక్కున్నారు. ఒక్కో అక్షరమే కొట్టారు. ఊ, పి, రి, తి, తు, త్తు, లు.

"ఊపిరితి... తుత్తులు" అంది పిన్ని, రాయి తన్నుకున్నట్టు తడబడి.

"తప్పు చదివింది!" అని ఆయన కేకేశారు. "విన్నావా ఆగమ్మా, తప్పును తప్పులాగే చదివింది!" వరండాలో పోతున్న ఇద్దరు ఏం కొంప అంటుకుందోనని తొంగిచూశారు. లోపల ఇద్దరు పెద్దవాళ్లు ఒక తప్పుడు మాటను మళ్లీ మళ్లీ చదివించుకుని పడీ పడీ నవ్వుతున్నారు.

అంతటితో అయిపోలేదు. సోమవారం ఆమె సూపరింటెండెంటు ముందు నిలబడింది. ఆయన మంచివాడే గానీ, కాగితం దాటి అడుగు వెయ్యడు.

"నలభై రెండు మార్చి ఒక్కటి వదిలేస్తే నేను పైకేం రాయాలమ్మా?"

"ఉన్నదే రాయండి సార్. ఆ ఒక్కదానికీ నెట్ తీగ పీకేశాను. బయటి గాలి తగలదు, బయటి జబ్బూ రాదు. పాఠాలు పెన్ డ్రైవ్‌లో పరీక్షించి నేనే ఇస్తాను. దానికి వేరే దారి వెతకడానికి నాకు ఆరు నెలలు కావాలి."

"ఆరు నెలల్లో దొరక్కపోతే?"

"మళ్లీ వచ్చి ఇక్కడే నిలబడతాను."

ఆయన తల పట్టుకుని, చివరికి సంతకం పెట్టారు.

దారి ఐదో నెలలో దొరికింది. కొత్త సిస్టమ్ ఉన్న ఇంకో కంప్యూటర్‌ను మాస్టారి గదిలో పెట్టి, దాని లోపల ఉత్తుత్తి కంప్యూటర్‌లాంటి ఒక గది కట్టి, అందులో ఆ మంగళవారం ఇమేజ్‌ను నిలబెట్టొచ్చని ఆమె చదివి తెలుసుకుంది. రెండు వారాలు దానితో కుస్తీ పట్టింది. బయట కొత్త సిస్టమ్, లోపల గడియ పెట్టిన గదిలో పాత సిస్టమ్, అందులో నాలుగు వేల మాటలతో సహా డబ్బా పిన్ని. మొదట్లో పిన్ని గొంతు కాస్త బొంగురుపోయింది. "కొత్త నీళ్లు పడలేదు పాపం" అన్నారు మాస్టారు. నాలుగు రోజుల్లో అదీ సర్దుకుంది. ఆ తర్వాతి ఏడు పాత కంప్యూటర్ ఒక పొద్దున మీట నొక్కితే లేవలేదు. కాలిన వాసన వచ్చింది, అంతే. మాస్టారు దాని పెట్టె మీద ఒకసారి చెయ్యి వేసి, పాఠాలున్న పెన్ డ్రైవ్ తీసుకుని పక్కనున్న ఆ కొత్త కంప్యూటర్ దగ్గరికి జరిగి, నిన్న ఆపిన పేరా నుంచి పని మొదలుపెట్టారు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి శుక్రవారం మధ్యాహ్నం ఆగమ్మ ఆ గదికి కొత్త ఇమేజ్ తీస్తుంది. నెల రోజుల్లో పిన్ని నేర్చుకున్న పది పదిహేను మాటలు అందులో చేరతాయి. ఆ గంటన్నర సేపూ కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోకూడదు కాబట్టి ఇద్దరికీ పనుండదు. మాస్టారు అప్పుడే అచ్చయిన కథల పుస్తకం ఒకటి ఒళ్లోకి తీసుకుని, వేళ్లతో చదువుతూ ఆమెకు వినిపిస్తారు. పొద్దస్తమానం తెరలు చూసీ చూసీ మండే కళ్లు ఆమెవి. వాటిని మూసుకుని, స్టూలు మీద గోడకు జారగిలబడి వింటుంది. ఆయన పేజీ తిప్పినప్పుడు దళసరి కాగితం చప్పుడవుతుంది. కథ మధ్యలో తెర మీది ఆకుపచ్చ గీత పూర్తయినా ఆమె వెంటనే లేవదు.

"అయిపోయినట్టుంది చూడమ్మా" అంటారు మాస్టారు, డిస్కు చప్పుడు ఆగడం విని.

"చూస్తాను గానీ, కథలో ఆ పిల్ల ఇల్లు చేరిందో లేదో ముందు చదవండి."

ఆయన వేలు కింది వరసలోకి జరుపుతారు.